చిన్న ప్లాను

నయీంనగర్‌ల జిరాక్స్ షాపు పక్క సందుల
పదడుగుల దుకాణం నాది.
రెండు కంప్యూటర్లు, ముసలి ఇన్వర్టరు,
నాలా పొంగిన ఏడు మోకాలెత్తున
గోడకు మిగిలిన బురద గీత.
రెండుమార్లు సున్నమేసినా పోలే.
నీళ్లు ఎందాక వచ్చినయో
గోడ ఎక్కువ చెప్పదు, తక్కువ చెప్పదు.

ఆడెపు రాజకొమురు వచ్చిండు కొత్తవాడ నుంచి,
చంకల చుట్ట చుట్టిన జంపఖానా.
తొమ్మిది మగ్గాల సంఘం,
అందరికీ కలిపి ఒక వెబ్‌సైటు.
"పెద్దదే తీసుకోమన్నరు తమ్మీ,
మళ్లమళ్ల ఖర్చుండదట."

తెర మీద మూడు డబ్బాలు.
నడిమి దానికి ఎర్ర రిబ్బను: ఎక్కువమంది కొనేది.
ఎవరా ఎక్కువమంది?
ఆరేండ్ల నుంచి అమ్ముతున్న, ఒక్కనాడూ అడగలే.
మూడో డబ్బాల అన్నీ అన్‌లిమిటెడ్,
జాగా, రాకపోకలు, ఈమెయిళ్లు.
కింద ఒక చుక్క గుర్తు,
చీమ తలకాయంత అక్షరాలల్ల లిమిటు.

మూడోది అమ్మితే నాకు నాలుగువేల రెండొందలు.
మొదటిదైతే మూడొందల అరవై.
కిరాయి అయిదో తారీఖు.
ఇయ్యాల మూడు.

పోయినేడు పరకాల బడి సారుకు
ఈ మూడోదే అంటగట్టిన.
"అన్‌లిమిటెడ్ సార్" అన్న,
మంచినీళ్లు తాగుతరా అన్నంత అలకగ.
హాస్టల్ సీట్ల జాబితా పెట్టిన పొద్దు
ఆరొందల మంది తల్లిదండ్రులు
ఒక్కపారే తలుపు తట్టిన్రు.
తెల్లటి తెర, నడుమ అయిదొందల ఎనిమిది అంకె.
సారు ఫోన్ చేసి తిట్టలే.
"లిమిటు దాటిందని వచ్చింది తమ్మీ,
లిమిటే లేదంటివి గదా?"
నిజంగనే సమజుగాక అడిగిండు.
తిడితే ఆ రాత్రికే మర్చిపోదును.

"చిన్నది చాలు పెద్దయ్యా" అన్న.
"మీ ఫొటోలు నలభై. చూడవచ్చేటోళ్లు
రోజుకు యాభైమంది దాటితే గొప్ప.
మొదటేడు నెలకు తొంభైతొమ్మిది,
రెండో ఏడు మూడొందల నలభై అయితది,
అది ఇప్పుడే రాసుకోండ్రి."

నిజం చెప్తే మొఖం ఇచ్చుకుంటదనుకున్న.
ఆయన కండ్లు చిన్నగైనయ్.
"అగ్గువది ఎందుకు చెప్తున్నవ్?
నేతోళ్లమని చిన్నచూపా?
దాంట్ల ఏం లొసుగున్నది?"

ఇన్నేండ్లు అబద్ధమాడితే
ఒక్కడూ లొసుగేందని అడగలే.

తెర ఆయన దిక్కు తిప్పిన.
నా కమీషన్ల పట్టీ తెరిచిన.
ఏది అమ్మితే నాకెంతొస్తదో వరుసగా,
బనీను మీద నిలబడ్డట్టున్నది నాకు.
వేలు పెట్టి చదివిండు,
పోగులు లెక్కబెట్టేటోడి వేలు,
నాలుగువేల రెండొందల కాడ ఆగింది,
మూడొందల అరవై కాడ ఆగింది,
మళ్ల మీదికి పోయింది.
"ఇది పోగొట్టుకుంటున్నవా?"
నేనేం అనలే.
ఫ్యాను తిరిగింది.

"సంఘంల చెప్పాలె" అన్నడు, లేచిండు.
కొనలే.
వస్తడో రాడో.
చౌరస్తాల ఏసీ షాపుంది,
రిబ్బను ఇంకా ఎర్రగుంటది అక్కడ.

గడప కాడ ఆగి
నా నేలను పాదంతోటి కొలిచిండు,
గోడ కాడికి, మళ్ల ఇటు.
"ఈ జంపఖానా అమ్ముదామనే తెచ్చిన,
ఆరుతొమ్మిదిది.
నీ గదికి మడతపడ్తది.
నాలుగారుది చాలు నీకు.
అది ఇప్పుడు మగ్గం మీదున్నది."
చంకల పెట్టుకొని పోయిండు.

మూడొందల అరవై గూడ రాని పొద్దు.
టీ తాగిన, ఖాతల.
పరకాల సారు ప్లానుకు ఇంకో నెలైతే ఏడాది నిండుతది.
కంపెనీ తనంతట తనే మూడింతలు గుంజుకుంటది,
నాకు మళ్ల వాటా పంపుతది.
నేను నోరు మెదపకుంటే చాలు.

నంబరు వెతికిన.
"పరకాల స్కూల్ అన్‌లిమిటెడ్" అని
నేనే రాసుకున్న ఫోన్ల.
మోగుతున్నది.
గోడ మీది గీత దిక్కే చూసుకుంట
ఏం మాటతోని మొదలువెట్టాల్నో ఎతుకుతున్న.

ఎత్తిండు.